పన్నెండు కట్టెలు, ఒక్క నక్షత్రం

రేటింగ్ ఇవ్వడం మానవజాతికి దక్కిన మహావరం! కాదన్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తిన చేతులకు కూడా మార్కులు వేద్దాం.

ఒకప్పుడు ఒక మనిషి మంచివాడో కాదో తెలియాలంటే పదేళ్లు పక్కింట్లో కాపురముండాల్సి వచ్చేది. ఇప్పుడో? ఆటో దిగీ దిగకముందే డ్రైవర్ గుణగణాలు తేల్చేస్తున్నాం. ఇడ్లీ మింగకముందే హోటల్ జాతకం రాసేస్తున్నాం. ఆపరేషన్ కుట్లు విప్పకముందే డాక్టర్‌కు నాలుగున్నర నక్షత్రాలు! బొటనవేలు ఒక్కటుంటే చాలు, ప్రతివాడూ న్యాయమూర్తే. సాక్షులక్కర్లేదు, వాయిదాల్లేవు, అవతలివాణ్ని పిలిచి "నీ మాటేంటయ్యా?" అని అడిగే తంటా అసలే లేదు. ఇంత వేగంగా న్యాయం ఏ యుగంలో దొరికింది?

నమ్మకం కుదరకపోతే కరీంనగర్‌లో ప్రేమ్‌చంద్ సారు గులాబీల సంగతి వినండి.

ప్రేమ్‌చంద్ సారు మండల విద్యాధికారిగా రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, మొదట కొన్నాళ్ల పంతులుగిరీ పోను, ఆయన చేసిన పని స్థూలంగా ఒక్కటే: వెళ్లడం, చూడటం, బాగాలేదని రాయడం. హుస్నాబాద్ వైపు పల్లెల్లో ఆయన స్కూటర్ చప్పుడు వినబడితే పంతుళ్లు సుద్దముక్కల కోసం, పిల్లలు పలకల కోసం, వంటమనిషి మూత కోసం వెతుక్కునేవాళ్లట. అలాంటి మనిషికి రిటైరైన మర్నాడు పొద్దున లేచి చూస్తే లోకంలో మార్కులు వేయడానికి ఏమీ మిగల్లేదు. ఎంత ఘోరం!

కొన్నాళ్లు ఇంట్లో కూరలతో సరిపెట్టుకున్నాడు. "బెండకాయ ఆరున్నర" అన్న రోజున ఆయన భార్య మహిమ గంటె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ, చేత ఎక్కువ.

"రేపు మీరు వండుండ్రి. నేనేస్త మార్కులు" అంది.

వంటింటి తనిఖీలు ఆ రోజుతో సమాప్తం. తర్వాత ఆయన చూపు చర్చి మీద పడింది. కానుకల సంచిలో నోటుతో పాటు ఒక చీటీ వెళ్లేది: "వాక్యం ఏడు. సమయపాలన మూడు." పాస్టర్ గారు మంచివాడు. ఏమీ అనకుండా సారు పేరును ప్రత్యేక ప్రార్థన అంశాల్లో చేర్చుకున్నాడు.

ఆ కరువు కాలంలోనే, నవంబర్ నెలలో, ఆయన ఫోన్లోకి ఒక యాప్ వచ్చింది. అందులో మొక్కలమ్ముతారు. వేలెడంత తెరమీద పన్నెండు రంగుల గులాబీలు విరగబూసి ఉన్నాయి. "బేర్‌రూట్ గులాబీలు. రోజా నర్సరీ, ఇచ్చోడ" అని రాసి ఉంది. ఆదిలాబాద్ జిల్లా చలికి పెరిగిన మొక్కలంటే గట్టివే అయి ఉంటాయని సారు ఆలోచించి, ఆర్డర్ నొక్కేశాడు. నొక్కి ఊరుకోలేదు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "ఈ క్రిస్మస్‌కు బలిపీఠం మీద పూలన్నీ మా తోటవే" అని ప్రకటించాడు కూడా!

డిసెంబర్ ఒకటిన పెట్టె వచ్చింది. విప్పితే తడి గోనెపట్టా. పట్టాలో పన్నెండు కట్టెలు. ఒక్కొక్కటి మూరెడు పొడవు. ఆకు లేదు, మొగ్గ లేదు, మట్టి అసలే లేదు. అడుగున మాత్రం ముసలాయన గడ్డంలా వేళ్లు వేలాడుతున్నాయి.

మహిమ వంగి చూసింది. "గివేంది? పన్నెండు పండ్లపుల్లలు పంపిండ్రా? నెలకొక్కటి తోముకొమ్మనా?"

"నీకు తెల్వదు. బేర్‌రూట్ అంటే గిట్లనే ఉంటది" అన్నాడు సారు, తనకు తెలిసినట్టే.

పెట్టెలో ఒక కాగితం ఉంది. ఒకవైపు, మట్టి లేకుండా ఉత్త వేళ్లతో పంపే ఈ బేర్‌రూట్ మొక్కను అరపూట నీళ్లలో నానబెట్టి నాటమనీ, కొమ్మ బతికుందో లేదో అనుమానమొస్తే గోటితో కొద్దిగా గీకి చూడమనీ, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టేననీ రాసి ఉంది. రెండోవైపు కూడా ఏదో ఉంది. కానీ సారు సర్వీసు మొత్తంలో ఏ కాగితమూ తిప్పి చూసి ఎరగడు. పై పేజీ చదవడం, కింద సంతకం పెట్టడం! అలవాటు అలవాటే కదా?

పన్నెండు గుంతలు తవ్వి, పన్నెండు కట్టెలు నాటి, పన్నెండింటికీ నంబర్లు కట్టాడు. లోపలికెళ్లి ఒక రిజిస్టర్ తెరిచాడు. చిగురుకు పాతిక మార్కులు. ఆకుకు పాతిక. మొగ్గకు పాతిక. నడవడికకు పాతిక!

గులాబీకి నడవడికేమిటని అడగకండి. ఏడో నంబరు మొదటిరోజే సారు చూపుడువేలికి ముల్లు గుచ్చింది. నడవడికలో సున్నా తెచ్చుకుంది.

ఇక తనిఖీలు మొదలయ్యాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం మొక్కలు ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఆకస్మికంగా మరొకటి. ప్రతి తనిఖీలో ప్రతి కొమ్మనూ గోటితో గీకడమే. కాగితంలో "అనుమానమొస్తే" అని ఉంది నిజమే, కానీ విద్యాశాఖలో అనుమానం రాని రోజంటూ ఉంటుందా? సోమవారం సోమవారం వేళ్ల తనిఖీ. మొక్కను సగం పైకి లాగి, తెల్లవేరు పుట్టిందేమో చూసి, పుట్టలేదని రాసుకుని, మళ్లీ గుంతలోకి దింపి మట్టి తొక్కేవాడు.

పక్కింటి పర్శరాములు ఇదంతా ప్రహరీ గోడ మీదుగా చూస్తుండేవాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల సాంచాల ముందు నిలబడ్డ మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన వీధిలోకి వచ్చిన ట్రాలీ ఆటోలో కవరు మొక్క కొన్నాడు. అది కొన్ననాడే పూసి ఉంది.

"సార్, చిక్కుడుతీగకు పందిరేస్తున్నరా?" అని అడిగాడు మొదటి వారం.

"గులాబీలు" అన్నాడు సారు.

రెండో వారం మళ్లీ గోడమీదికి తల వచ్చింది. "సార్, పందిరెప్పుడు లేస్తది?"

సారుకు రక్తం మరిగింది. పర్శరాములుకేమీ అనలేక, లోపలికెళ్లి పన్నెండు మొక్కలకూ తలా ఐదు మార్కులు కోసేశాడు.

డిసెంబర్ ఇరవై నాలుగు పొద్దునకి నాటి ఇరవై మూడు రోజులైంది. తోటలో పన్నెండు కట్టెలు అటెన్షన్లో నిలబడ్డ పోలీసుల్లా ఉన్నాయి. మహిమ మాటా పలుకూ లేకుండా బజారుకెళ్లి చామంతులు, బంతిపూలు తెచ్చి బలిపీఠం అలంకరించింది. క్రిస్మస్ ఆరాధనలో సంఘపెద్ద ఒకాయన అందరికీ వినబడేట్టు, "సారూ, మీ గులాబీలు బంతిపూల లెక్క పూసినయే!" అన్నాడు. జనం నవ్వారు. పాస్టర్ గారు కూడా దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సారు ఆ నవ్వును ఇంటిదాకా మోసుకొచ్చాడు. కేకు ముట్టలేదు. కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు. తన సర్వీసులోకెల్లా శ్రద్ధగా ఒక నివేదిక రాశాడు:

"విషయము: ఎండుకట్టెలు పన్నెండు (12) సరఫరా చేయుట గురించి. సదరు మొక్కలు నాటిన ఇరువది నాలుగు దినములలో ఒక్క పుష్పమును సైతము ఉత్పత్తి చేయజాలకపోయినవి. వాటి పనితీరు మిక్కిలి అసంతృప్తికరము. ఒక్క నక్షత్రము సైతము అధికమే. అంతకు తక్కువ ఇచ్చు సౌలభ్యము లేనందున ఇచ్చుచున్నాను. ఎవరూ కొనరాదు. ఇట్లు, విశ్రాంత మండల విద్యాధికారి, కరీంనగర్."

కింద పన్నెండు కట్టెల ఫోటో.

మర్నాటికి ఆ సమీక్ష "నాకు ఉపయోగపడింది" అని నలభై మంది నొక్కారు. వారానికి నాలుగొందలు! యాప్ దాన్ని నర్సరీ పేజీలో అన్నిటికన్నా పైన పెట్టింది. ప్రేమ్‌చంద్ సారుకు కళ్లు చెమర్చాయి. ఎందుకు చెమర్చవు? ముప్పై నాలుగేళ్లలో ఆయన రాసిన నివేదికలన్నీ బీరువాల్లో చెదలకు ఉపయోగపడ్డాయి. మనుషులకు ఉపయోగపడటం ఇదే మొదలు. పొద్దున బైబిల్ కన్నా ముందు ఆ అంకె చూసుకునేవాడు. మొక్కల్ని మరిచిపోయాడు. తనిఖీలు కూడా తగ్గాయి.

జనవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ముప్పై ఏళ్లుంటాయేమో, భుజానికి సంచి, కాళ్లకు బస్సు దుమ్ము, ఒక మనిషి నిలబడి ఉంది.

"ప్రేమ్‌చంద్ సారిల్లు గిదేనా? నేను రోజారాణిని. ఇచ్చోడ నుంచొచ్చిన. రోజా నర్సరీ."

సారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిందనుకున్నాడు. ఆయన సర్వీసులో నివేదిక వెళ్లాక ఇలా చాలామంది వచ్చేవాళ్లు. "రామ్మా, కూసో. సంజాయిషీ ఉంటే రాతపూర్వకంగా..." అని మొదలుపెట్టాడు.

"మొక్కలెక్కడున్నయ్ సార్?"

కూర్చోలేదు. నేరుగా తోటలోకి నడిచి మొదటి నంబరు ముందు మోకాళ్ల మీద కూలబడింది. కొమ్మను చేత్తో పట్టుకుని చుట్టూ తిప్పి చూసింది. కొసనుంచి మొదలుదాకా గీతలే గీతలు. తోలు ఉన్నచోటుకన్నా లేనిచోటే ఎక్కువ.

"గీ గీతలేంది సార్? పిల్లి గీకిందా?"

గుమ్మంలోంచి మహిమ జవాబిచ్చింది. "పిల్లేనమ్మా. రిటైరైన పిల్లి."

రోజారాణి మట్టి తోడి వేళ్లు చూసింది. సన్నని తెల్లవేళ్లు పుట్టి, పుట్టినవి పుట్టినచోటే తెగి నల్లబడి ఉన్నాయి. తలెత్తి ఆయన వంక చూసింది. "పీకి పీకి సూసిండ్రా?"

"పూర్తిగ పీకలే. సగమే" అన్నాడు సారు.

ఆమె అరవలేదు. ఏడవలేదు. అరిచినా బాగుండేదని తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

"దినాం ఇరువై పెట్టెలు పోతుండె సార్. మీరు రాసినంక రెండైనయ్. నిన్న ఒక్కటి గూడ పోలే. ముగ్గురాడోళ్లు మా దగ్గర పనికొస్తరు. ఇగ రావద్దని మా అత్త సాయవ్వతోని జెప్పిచ్చిన. నాకు నోరు రాలే." సంచిలోంచి కత్తెర తీస్తూ మాట్లాడుతోంది. "పెట్టె మీద నా నంబరుండె. ఒక్క ఫోన్ జేస్తే ఐపోవు గదా సార్? కాయిదం ఎనుకదిక్కు గూడ రాసిన. సదివిండ్రా?"

మహిమ లోపలికెళ్లి రిజిస్టర్లో మడిచిపెట్టిన ఆ కాగితం తెచ్చి, తిప్పి, పైకి చదివింది. "నాలుగు నెలలదాకా పూలు ఆశించకండి. మొదట మొక్క వేరు పట్టుకోవాలి. మొదటి మొగ్గలను తుంచేయండి. ఏడాది తిరిగేదాకా మొక్క మంచిచెడ్డలు తేల్చకండి. సందేహముంటే ఫోన్ చేయండి."

చదివి, కాగితం మడిచి, భర్త చొక్కా జేబులో పెట్టింది.

రోజారాణి సాయంత్రందాకా పనిచేసింది. మూడు మొక్కలు చచ్చిపోయాయని తేల్చి పక్కన పెట్టింది. మిగిలిన తొమ్మిదింటి ఎండుకొసలు కత్తిరించి, మళ్లీ నాటి, మొదళ్ల చుట్టూ ఎండాకు పరిచింది.

"ఇగ ముట్టద్దు సార్. నీళ్లు బొయ్యుండ్రి, దూరం జరుగుండ్రి. మొగ్గొస్తే తెంపుండ్రి."

"మొగ్గ తెంపుడా!" అన్నాడు సారు. పాతిక మార్కుల మొగ్గ!

"కొత్తగ కాపురానికొచ్చిన పిల్లను రెండోనాడే నీ పిల్లలేరి అనడిగితే ఏం జెప్తది? దూరం నుంచొచ్చిన చెట్టు సార్ అది. ముందుగాల మీ మట్టితోని సోపతి జెయ్యాలె."

మహిమ బలవంతంగా ఆమెకు అన్నం పెట్టింది, దారికి డబ్బా కట్టింది. ఆమె బస్సెక్కడానికి వెళ్లాక ప్రేమ్‌చంద్ సారు చాలాసేపు ఆ తొమ్మిది కొమ్మలకు ఆమడదూరంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వేళ్లు దురద పెడుతున్నాయి మరి!

ఆ రాత పీకేస్తే సరిపోతుంది కదా అంటారా? సారూ అదే అనుకున్నాడు. అమాయకుడు. యాప్ తెరిస్తే, "సమీక్షను సవరించే గడువు ముగిసింది" అని వచ్చింది. తీర్పు ఇవ్వడానికి ఇరవై నాలుగు రోజులు ఎక్కువైతే, దిద్దుకోవడానికి పద్నాలుగు రోజులు చాలట! సహాయ కేంద్రంలో మనిషి లేడు. "మిత్ర" అనే యంత్రం ఉంది. సారు తన గోడు టైపు చేశాడు. మిత్ర వెంటనే జవాబిచ్చింది: "మీ అభిప్రాయం మాకు అమూల్యం. అందువల్ల దాన్ని తొలగించలేము." ఆ కిందే ఇంకో ప్రశ్న: "ఈ సంభాషణకు మీరెన్ని నక్షత్రాలు ఇస్తారు?"

ఫిబ్రవరి మొదటి వారంలో నాలుగో నంబరు కొమ్మ మీద బియ్యపు గింజంత ఎర్రటి చుక్క కనబడింది. సారు దూరం నుంచే చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "మహిమా!" అని కేకేశాడు. ఆమె పరుగున వచ్చి, ఏ పామో అనుకుని వచ్చి, చిగురు చూసి ఊరుకుంది. సారు మెట్ల మీద కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ల వయసులో, కొత్తగా పంతులై ఒక పల్లెకు వెళ్లిన పదకొండోనాడు తన మీద ఒక అధికారి "బోధన అసంతృప్తికరం" అని రాసిపోవడం గుర్తొచ్చింది. ఆ రోజు తాను అన్నం తినలేదు. ఆ సంగతి భార్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు.

మహిమ విన్నది. "మరి మీరెంతమందికి రాసిండ్రు అట్ల?" అంది.

లెక్క ఆయనకు తెలియదు.

అంతటితో ఆగి ఉంటే ఈ కథలో నష్టం ఒక్క నక్షత్రంతో పోయేది. కానీ తప్పు దిద్దుకోవాలన్న ఆవేశం పట్టిన రిటైరైన అధికారి కన్నా ప్రమాదకరమైనది లోకంలో ఉందా? ఒక నక్షత్రాన్ని ఓడించాలంటే ఐదు నక్షత్రాలు కావాలి. ఐదు నక్షత్రాలిచ్చే మనుషులు కావాలి. మనుషులెక్కడుంటారు? చర్చిలో ఉంటారు!

యాప్‌లో మొక్క కొనకపోయినా కొట్టుకు నక్షత్రాలివ్వొచ్చు. ఆ ఆదివారం ఆరాధన కాగానే సారు జనాన్ని హాల్లో ఆపేశాడు. చాయ్, బిస్కెట్. ఒక పేదింటి ఆడబిడ్డకు అన్యాయం జరిగిందన్నాడు. ఎవరి వల్ల జరిగిందో మాత్రం దాటేశాడు. అందరూ ఫోన్లు తీశారు. సారు పూర్వాభ్యాసం కొద్దీ డిక్టేషన్ చెప్పాడు: "మొక్కలు... మిక్కిలి... శ్రేష్ఠముగా... నున్నవి. ఫుల్‌స్టాప్." నలభై నిమిషాల్లో నూట పదిహేడు మంది, ఒకే హాల్లోంచి, ఒకే వాక్యం, తలా ఐదు నక్షత్రాలు! ఇంటికొచ్చాక పర్శరాములును కూడా వదల్లేదు. ఆయన మాత్రం సొంతంగా రాశాడు: "కట్టెలు మంచిగున్నయ్."

ఆ సాయంత్రం మహిమ అడిగింది. "కొననోళ్లతోని కొన్నట్టు రాపిచ్చిండ్రు. పది ఆజ్ఞలల్ల తొమ్మిదోది యాదికున్నదా, అబద్ధ సాక్ష్యం పలుకద్దని?"

"మంచికోసం కదా" అన్నాడు సారు.

నాలుగోరోజు యాప్‌లో రోజా నర్సరీ పేజీ కోసం వెతికితే దొరకలేదు. ఆ చోట రెండు ముక్కలున్నాయి: "అనుమానాస్పద సమీక్షల కారణంగా ఈ విక్రేతను తొలగించాం. వినియోగదారుల నమ్మకమే మా ప్రాణం."

చూశారా వరం మహిమ! ఒక్క నక్షత్రంతో కుంటుతున్న కొట్టును ఐదువందల ఎనభై ఐదు నక్షత్రాలతో, పర్శరాములువి కలిపితే ఐదువందల తొంభైతో, పూర్తిగా పడుకోబెట్టవచ్చు. చీడలు చేయలేని పని, వడగాలి చేయలేని పని!

ఫోన్ మోగింది. ఇచ్చోడ నంబరు. ప్రేమ్‌చంద్ సారు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"సార్" అంది రోజారాణి. "మీ కాళ్లు మొక్కుత. ఇగ నాకు మంచి జెయ్యకుండ్రి."

మార్చి మొదట్లో ఆయన ఇచ్చోడ వెళ్లాడు. వెళ్లనని మూడు రోజులు కూర్చున్నాడు నిజానికి. మొఖం చూపించలేనన్నాడు. "చీటీలు రాసుకుంట ఇంట్ల కూసుంటరా ఇగ?" అని మహిమ సంచి సర్ది, తానూ బయలుదేరింది. జగిత్యాల, నిర్మల్ దాటి, ఘాటెక్కి, మధ్యాహ్నానికి దిగారు. రోడ్డు పక్క అర ఎకరం. మళ్లలో వరసలు వరసలుగా మొక్కలు. పంపడానికి తవ్విన మొక్కల్ని పంపలేక, మళ్లీ మట్టిలో పెట్టారు. సగం పట్టాయి, సగం ఎండాయి.

రోజారాణి వాళ్లను చూసి ఆశ్చర్యపోలేదు, కోపగించలేదు. మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. సారు నిలబడే ఉన్నాడు.

"నేనేమన్న పని జేస్తనమ్మా. ఊకె పోలేను."

"మీకేమొస్తది సార్?"

"రాసుడొస్తది."

"అదొక్కటొద్దు."

మహిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజారాణికి కూడా నవ్వొచ్చింది, ఆపుకుంది. తర్వాత కాసేపు మళ్లవంక చూస్తూ, "పాత గిరాకులు ఫోన్లు జేస్తున్నరు. పెట్టె మీద నంబరుండె గదా. యాప్ లేకున్నా వచ్చే చలికాలానికి నడిపిద్దమనే ఉన్నది. దానికి అంటు గిప్పుడే కట్టాలె. అంటు కట్టేటామె కనకవ్వ. గామె చెయ్యసొంటి చెయ్యి గీ ఏరియాల లేదు. రావద్దన్నంక మళ్ల నేను పోయి పిలువలేకపోతున్న. మీరు పోయొస్తరా?" అంది.

కనకవ్వ ఇల్లు రెండు కిలోమీటర్ల అవతల పల్లెలో. సారు ఒక్కడే వెళ్లాడు. అరవై దాటిన మనిషి గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. ఎండలో నిలబడ్డ తెల్లచొక్కా ఆయన్ని చూసి చేట ఆపింది.

"ఎవలు సార్ మీరు? ఆఫీసోళ్లా?"

విశ్రాంత మండల విద్యాధికారి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "నర్సరీ నుంచొచ్చిన అవ్వా. రోజారాణి రమ్మన్నది. అంటు కట్టెతందుకు."

కనకవ్వ వెంటనే లేవలేదు. రెండు చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. గోళ్ల చుట్టూ పాత కత్తిగాట్లు. "సాయవ్వ రావద్దన్నది. ఎందుకో జెప్పలే. నా కండ్లు మసకబారినయేమో, అంటు సరిగ పడ్తలేదేమో అనుకున్న సార్. రెండు నెలలాయె. నాకు నిద్ర గూడ పడ్తలేదు. పద్దెనిమిదేండ్లు కట్టిన సార్ నేను, ఒక్కనాడు మాట పడలే." తలెత్తింది. "మీరు సూసిండ్రా నేను కట్టినయి? బతికినయా?"

ఆమెకు యాప్ తెలియదు. నక్షత్రాలు తెలియవు. నాలుగొందల మందికి ఉపయోగపడిన సమీక్ష ఆమెకెవరూ చదివి వినిపించలేదు. ప్రేమ్‌చంద్ సారు గడప ముందు మట్టిలో కూర్చున్నాడు.

"పన్నెండు తెప్పిచ్చిన అవ్వా. తొమ్మిది బతికినయ్. నిన్న ఒక్కదానికి మొగ్గొచ్చింది, తెంపిన. కడమ మూడు నేను సంపిన. పీకి పీకి సూసి సంపిన. నీ చెయ్యి మంచిగనే ఉన్నది. బాగలేవని రాసింది నేనే. గా రాతతోనే నిన్ను రావద్దన్నరు."

కనకవ్వ చేట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గంత సదువుకున్నోనివి," అంది, "రాసేముందు ఒక్కపారి వచ్చి అడుగద్దా బిడ్డా?"

లోపలికెళ్లి అంటుకత్తి తెచ్చుకుని, ఆయన కన్నా ముందు నడిచింది.